మూడు రోజుల మాత్ర, ఏడు రోజుల సంత

మన ఏజెన్సీలో సంత వారానికి ఒక్కరోజే. ఉప్పు, నూనె, ఎండుచేప, సబ్బు, పిల్లల చొక్కాలు, జ్వరం బిళ్ళలు, ఏది కావాలన్నా ఆ రోజు దాకా ఆగుతాం. ఆగడం మనకు అలవాటే. అయితే ఆగకూడని మాత్ర ఒకటుంది. ఆలుమగలు కలిసిన తర్వాత మూడు రోజుల్లోపు, అంటే 72 గంటల్లోపు వేసుకోవాలి. దాన్ని అత్యవసర గర్భనిరోధక మాత్ర అంటారు.

కొన్నేళ్ళ క్రితం మాతో పనిచేసే ఒక టీచరమ్మ దగ్గరికి ఊరి కోడలొకామె వచ్చింది. చంకలో అయిదు నెలల బిడ్డ. మిరప కోతలకు పోయిన పెనిమిటి తిరిగొచ్చాడు. మళ్ళీ కడుపొస్తుందేమోనని ఆమె భయం. టీవీలో చూపించే మాత్ర సంతలో దొరుకుతుందా అని అడిగింది. ఎన్ని రోజులైందమ్మా అంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరు రోజులు. సంత మర్నాడు.

ఆ మాత్ర ఆశా కార్యకర్త సంచిలో ఉండాల్సిన వస్తువు. ఆ సంగతి ఆ కోడలికి తెలియదు. మా టీచరమ్మకూ తెలియదు. ఇంతమందిమి శిక్షణలు పొంది వచ్చిన పంతుళ్ళం, మాలోనూ ఎవరికీ తెలియదు. ఆపరేషన్ గురించి మాత్రం ఊళ్ళో చిన్నపిల్ల కూడా చెబుతుంది. ఒకటి అందరికీ తెలిసి, ఇంకొకటి ఎవరికీ తెలియకుండా ఎలా పోయింది? దీనికి జవాబు ఆ కోడలి అమాయకత్వంలో లేదు, డెబ్బై ఏళ్ళ చరిత్రలో ఉంది.

సర్కారు లెక్క మొదలైన నాడు

మన పూర్వపు ఆడవాళ్ళు కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఎలా ఉంచుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. బిడ్డకు రెండు మూడేళ్ళు పాలివ్వడం, మంత్రసాని ఇచ్చే ఆకుమందు, వేరుమందు, ఇవేనని ముసలమ్మలు చెబుతారు. పాలిచ్చినన్నాళ్ళు కొంత కాలం గర్భం రాకపోవడం నిజమే. నాటు మందుల్లో మాత్రం ప్రాణం మీదికి తెచ్చినవీ ఉన్నాయి. ఆ కాలాన్ని ఊరికే పొగడడం మా ఉద్దేశం కాదు. ఒక్క మాట చెప్పుకోవాలి. నచ్చని మగవాణ్ణి విడిచి మారుమనువు చేసుకునే వీలు మన కోయ, కొండరెడ్డి ఆడవాళ్ళకు ఎప్పటి నుంచో ఉంది. కాపురం విషయంలో ఆమె మాటకు విలువ ఉండేది. సర్కారు కార్యక్రమం వచ్చినప్పుడు ఆ మాటను అడిగినవాళ్ళు లేరు.

ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కార్యక్రమం చేపట్టిన దేశాల్లో మనదే మొదటిది. అది 1952. మొదటి పంచవర్ష ప్రణాళికలో దానికి 65 లక్షల రూపాయలు కేటాయించారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి ఆ రోజుల్లో ప్రణాళికా సంఘం సభ్యురాలు. ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం అని మొదలైన పని మెల్లమెల్లగా జనాభా లెక్కల పనిగా మారింది. 1965లో లూప్ వచ్చింది. 1968లో నిరోధ్ వచ్చింది. గోడల మీద ఎర్ర త్రికోణం బొమ్మ వచ్చింది. "మేమిద్దరం, మాకిద్దరు" అనే మాట పల్లె పల్లెకూ పాకింది.

తర్వాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అందులో దాదాపు 62 లక్షలు మగవాళ్ళకే. పట్వారీలకు, పంతుళ్ళకు, పోలీసులకు కేసులు తెమ్మని లెక్క పెట్టారు. అప్పట్లో పంతులుకు జీతం రావాలంటే కేసు తేవాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. మన వృత్తి చరిత్రలో ఇదీ ఒక పేజీ. జనం కోపం 1977 ఎన్నికల్లో బయటపడింది. ఆ మరుసటి ఏడాది మొత్తం ఆపరేషన్లు 10 లక్షలకు లోపే పడిపోయాయి. "కుటుంబ నియంత్రణ" అన్న పేరు తీసి "కుటుంబ సంక్షేమం" అని పెట్టారు.

పేరుతో పాటు ఇంకొకటి కూడా మారింది. మగవాళ్ళ జోలికి పోతే ఓట్లు పోతాయని ప్రభుత్వాలకు అర్థమైంది. అక్కడి నుంచి కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది.

ఒక్కటే దారి

ఇవాళ్టి లెక్క చూడండి. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ అన్నీ కలిపినా నూటికి ఒకరిద్దరిని మించరు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో చాలామందికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు.

దీని అర్థం ఏమిటి? మన రాష్ట్రంలో ఆడమనిషికి రెండే స్థితులు. కనడం, లేకపోతే శాశ్వతంగా ఆగిపోవడం. మధ్యలో ఎడం పెట్టుకోవడం, ఇప్పుడు కాదు తర్వాత అనుకోవడం, వీటికి చోటు లేదు. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవైకి ఒకరు, ఇరవై రెండుకు ఇంకొకరు, ఇరవై మూడుకు ఆపరేషన్. బిడ్డ జ్వరానికో పచ్చకామెర్లకో పోతే మళ్ళీ కందామన్నా దారి మూసుకుపోయినట్టే. పురిటిలోనే బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ భయం మనకు మైదానం వాళ్ళకంటే ఎక్కువ.

1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని రాశారు. 1996లో కేంద్రం కేసుల లెక్కలు ఎత్తేస్తున్నామని ప్రకటించినా, కింది ఉద్యోగుల మీద ఒత్తిడి చాలాకాలం పోలేదు. ఇక 2024లో ఆ ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్ర శాసనసభే తీసేసింది. కానుపుల రేటు 1.7కు పడిపోయింది, ఇంకా కనండి అని ఇప్పుడు పెద్దలు చెబుతున్నారు. నిన్న తక్కువ కనమన్నదీ వాళ్ళే, నేడు ఎక్కువ కనమంటున్నదీ వాళ్ళే. నిన్నా అడగలేదు, నేడూ అడగడం లేదు, అమ్మా నీకేం కావాలి అని.

మన పొరుగున ఇంకో విచిత్రం జరిగింది. 1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగా వంటి ఆదిమ తెగల వాళ్ళకు ఆపరేషన్ చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. తెగ తరిగిపోతుందన్నది దాని ఆలోచన. ఆలోచన మంచిదే అనిపిస్తుంది. కానీ అయిదుగురిని, ఆరుగురిని కని, ఇక చాలు, నా ఒళ్ళు తట్టుకోలేదు అన్న తల్లికి కూడా ఆసుపత్రిలో కాదనే చెప్పారు. చత్తీస్‌గఢ్ వేరుపడ్డాక కూడా ఆ ఉత్తర్వు నడిచింది. కొందరు బైగా స్త్రీలు హైకోర్టుకు వెళ్ళారు. 2018లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆ ఆంక్షను ఎత్తేసింది.

అదే చత్తీస్‌గఢ్‌లో 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేశాడు. ఆ రోజుల్లో ఆ జిల్లాలో జరిగిన శిబిరాల తర్వాత 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపెయ్యమని తీర్పు ఇచ్చింది.

ఒక చోట వద్దన్నా చేశారు. ఒక చోట కావాలన్నా చెయ్యలేదు. రెండూ ఒకే తప్పు. మనిషి ఒంటి మీద నిర్ణయం మనిషి చేతిలో లేకపోవడం.

సంతకం ఎవరిది?

ఈ కథలో మనం, అంటే పంతుళ్ళం, బయట నిలబడి వేలు చూపడానికి లేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆపే టీకాను ఒక పరిశీలన కోసం 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేశారు. సుమారు 14 వేల మంది. చాలామంది హాస్టళ్ళలో ఉండి చదివే పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపించింది. తర్వాత విచారణలో తేలిందేమంటే, చాలా అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు. హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. దాన్ని ఇవాళ ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు, మన పిల్లలకూ అందాలి. మా బాధ టీకా గురించి కాదు, సంతకం గురించి. తండ్రి పోడులో ఉన్నాడు, తల్లికి చదువు రాదు, అడిగితే ఆలస్యమవుతుంది, మనమే పెట్టేద్దాం అనుకున్న చెయ్యి మనలాంటివాళ్ళదే. మంచి పనైనా అడగకుండా చేస్తే ఊరు నమ్మకం పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత నర్సమ్మ ఏ మందు తెచ్చినా తలుపులు వేసుకుంటారు. మాత్ర ఆ కోడలికి చేరకపోవడానికి ఈ పోయిన నమ్మకం కూడా ఒక కారణమని మేము అనుకుంటున్నాం.

మాత్ర వచ్చిన దారి

ఇక మాత్ర సంగతి. కలిసిన తర్వాత వేసుకునే మాత్రల పద్ధతిని 1974లో కెనడా డాక్టరు ఆల్బర్ట్ యూజ్పే ప్రకటించాడు. అందులో వాంతులు, వికారం ఎక్కువగా ఉండేవి. తర్వాత లెవోనోర్జెస్ట్రెల్ అనే ఒక్క హార్మోనుతోనే పని జరుగుతుందని, ఇబ్బంది కూడా తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో 1998లో తేలింది. ఆ పరిశోధనలో తేలిన ఇంకో సంగతి మనకు ముఖ్యం. మొదటి 24 గంటల్లో వేసుకుంటే, రావాల్సిన గర్భాల్లో నూటికి 95 ఆగాయి. రెండో రోజు వేసుకుంటే 85. మూడో రోజుకు వచ్చేసరికి 58. గంట గడిచేకొద్దీ మాత్రకు బలం తగ్గుతుంది.

మన దేశంలో 2002 నాటికి ఇది ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. 2005 ఆగస్టులో డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చని అనుమతించారు. 2007లో సిప్లా కంపెనీ ఐ-పిల్ పేరుతో, మ్యాన్‌కైండ్ కంపెనీ అన్‌వాంటెడ్-72 పేరుతో తెచ్చాయి. టీవీ ప్రకటనలు హోరెత్తాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, తాడేపల్లిగూడెం మందుల షాపుల్లో అడిగితే చాలు, ఇచ్చేవాళ్ళు. మొదట్లో ఒక మాత్ర ధర 75 రూపాయలు. అప్పటి మన కూలి లెక్కలో అది ఒక రోజు కష్టం.

2011లో ఆశా కార్యకర్తలు గర్భనిరోధకాలను ఇంటికే తెచ్చిచ్చే పథకం మొదలైంది. అందులో అత్యవసర మాత్రకు పెట్టిన ధర రెండు రూపాయలు. పట్నంలో రోజు కూలి పెట్టి కొనే మాత్ర మన గడపలో రెండు రూపాయలకు దొరకాలి. కాగితం మీద మనమే అదృష్టవంతులం.

వాడుక తీరు

మేము చూసినంతలో, విన్నంతలో, ఈ మాత్ర వాడుక మైదానంలో ఒక రకం, మన్యంలో ఒక రకం.

డెల్టా పట్నాల్లో చదువుకునే, ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళలో చాలామందికి దీని పేరు తెలుసు. అక్కడి చిక్కు వేరు. పేరు తెలిసినంతగా పద్ధతి తెలియదు. షాపుకు వెళ్ళి అడగడానికి సిగ్గు, అందుకని భర్తనో స్నేహితురాలినో పంపుతారు, ఒక రోజు పోతుంది. కొందరు నెలకు రెండుసార్లు, మూడుసార్లు వేసుకుంటారు. పేరులోనే అత్యవసరం అని ఉంది కదా. అలా పదే పదే వేసుకుంటే ముట్టు తేదీలు గందరగోళమవుతాయి. పైగా రోజూ వేసుకునే మాత్రలంత, కాపర్-టి అంత భద్రత దీనికి లేదు.

మన వైపు తెలియకపోవడమే పెద్ద చిక్కు. తెలిసినవాళ్ళకు కూడా గడువు దాటాక తెలుస్తుంది. ఇంకా ప్రమాదకరమైనది ఒకటుంది. ముట్టు తప్పాక సంతలోనో, ఆర్‌ఎంపీ దగ్గరో "కడుపు పోయే మాత్ర" అడిగి మింగడం. అది ఈ మాత్ర కాదు. అది గర్భస్రావం మాత్ర. డాక్టరు చూడకుండా వేసుకుంటే రక్తస్రావం ఆగకపోవచ్చు. అసలే మన ఆడవాళ్ళలో రక్తం తక్కువ. గర్భస్రావం అవసరమైతే 1971 చట్టం ప్రకారం ఆసుపత్రిలో చేయించుకునే వీలుంది. చాటుగా మింగాల్సిన పనిలేదు.

ఈ రెండు మాత్రల తేడా మన పిల్లలకు, తల్లులకు స్పష్టంగా చెప్పాలి. అత్యవసర మాత్ర అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అందువల్ల గర్భం రాకుండా పోతుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది పోగొట్టదు, ఆ బిడ్డకు హానీ చెయ్యదు. పిల్లలు పుట్టకుండా పోతారన్నది అబద్ధం. పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు. వికారం, తలనొప్పి రావచ్చు. వేసుకున్న కొద్ది గంటల్లోనే వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలేమో నర్సమ్మను అడగాలి. ముట్టు కొన్ని రోజులు అటూఇటూ కావచ్చు. వారం దాటినా రాకపోతే పరీక్ష చేయించుకోవాలి. ఇది సుఖవ్యాధుల నుంచి కాపాడదు, ఆ పని నిరోధ్‌దే.

ఇంకో మాట. అత్యాచారానికి గురైన స్త్రీకి ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఉచితంగా వైద్యం చెయ్యాలని 2013లో చట్టం వచ్చింది. 2014లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాత్ర ఇవ్వడం కూడా ఉంది. పోలీసు కాగితం వచ్చేదాకా ఆగమనే హక్కు ఎవరికీ లేదు.

72 గంటలు, మన దూరాలు

72 గంటలని చెప్పినవాళ్ళు తారు రోడ్డు పక్కన కూర్చుని లెక్కపెట్టారు. మనం మన దూరాలతో లెక్కపెట్టుకోవాలి. పాపికొండల నడుమ గోదావరి ఒడ్డు ఊళ్ళకు లాంచీయే దారి. మారేడుమిల్లి పైన గుట్టల మీది ఊళ్ళ నుంచి రోడ్డెక్కాలంటే సగం పూట నడక. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళ మధ్య ఉన్నాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద పడుకున్నారు. బియ్యం, కొవ్వొత్తులు, పాలపొడి పడవల్లో వచ్చాయి. అవి రావాల్సినవే. ఆ మూటల్లో ఈ మాత్ర కూడా ఉండాలని అడిగినవాళ్ళు మాలో లేరు. మాకే తోచలేదు.

అందుకని మేము చెప్పేది ఒక్కటే. మన దగ్గర ఈ మాత్ర అవసరం వచ్చాక వెతికే వస్తువు కాకూడదు. అవసరం రాకముందే ఊళ్ళో ఉండాలి. ఉందని తెలిసి ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, దీనికి కొత్త పథకం అక్కర్లేదు. మీ ఊరి ఆశా కార్యకర్త సంచిలో ఈ మాత్ర ఉందా, దాని గడువు తేదీ దాటిందా, ఒకసారి అడిగి చూడండి. లేకపోతే ఉప కేంద్రంలో ఏఎన్‌ఎంకు చెప్పండి. వర్షాకాలం రాకముందే తెప్పించి ఉంచమనండి. తల్లుల సమావేశంలో టీచరమ్మల చేత అయిదు నిమిషాలు చెప్పించండి, కోయలో చెబితే ఇంకా మంచిది. మూడు నెలలకోసారి వేసే అంతర సూది, వారానికోసారి వేసుకునే ఛాయ మాత్ర 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయని కూడా చెప్పించండి. చెప్పి ఊరుకోండి. వేసుకోమని ఒత్తిడి చేస్తే మనమూ ఆ పాత కేసుల లెక్కలోకే పోతాం. ఎవరు తీసుకున్నారో పుస్తకంలో రాయడం, పదిమందిలో అనడం, ఇవి రెండూ చెయ్యవద్దు.

తమ్ముళ్ళారా, మిరప కోతలకో, పట్నం పనులకో పోయి వచ్చేది మీరు. ఇంటికొచ్చేటప్పుడు చీర, మిఠాయి తెస్తారు. ఈ సంగతి కూడా తెలిసి రండి. కడుపు మోసేది ఆమె ఒక్కతే కావచ్చు, లెక్క మాత్రం ఇద్దరిదీ. నిరోధ్ వాడడం మగతనానికి తక్కువ కాదు. మగవాళ్ళ ఆపరేషన్ ఆడవాళ్ళ ఆపరేషన్ కంటే చిన్నది.

ఆ కోడలి సంగతి చెప్పి ముగిస్తాం. ఆమెకు రెండో బిడ్డ పుట్టింది. పెద్దదానికి అప్పటికి ఏడాదీ రెండు నెలలు. ఇద్దరూ బాగానే ఉన్నారు, పెద్దది ఇప్పుడు మా బడికే వస్తోంది. ఆమె మాత్రం ఆ ఏడాది రక్తం లేక మూడుసార్లు ఆసుపత్రికి తిరిగింది. రెండో కాన్పు కాగానే ఆపరేషన్ చేయించేశారు. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి. చిన్నదాన్ని అంగన్‌వాడీలో చేర్పించడానికి వచ్చినప్పుడు మా టీచరమ్మతో అందట, "నాకు బిడ్డలంటే ఇష్టమే టీచరమ్మా, కాస్త ఆగుదామనుకున్నాను, అంతే."

ఆ "కాస్త ఆగుదాం" అన్న మాటకు మన చరిత్రలో ఇన్నాళ్ళూ చోటు లేకపోయింది. ఈ పుస్తకం చదివిన పంతుళ్ళు వచ్చే సంతరోజు లోపల మీ ఊరి ఆశా కార్యకర్తను ఒకసారి కలవండి.